మాస్టారి సన్మాన సంఘానికి ఒక డీటీపీ ఆపరేటర్ రాస్తున్న బహిరంగ లేఖ

సన్మాన సంఘం పెద్దలకు నమస్కారం.

నేనెవరో మీకు తెలుసు. విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో, మేడ మీద ఒకే గదిలో డీటీపీ షాపు నడుపుకుంటున్నాను. రెండు నెలల కిందట మీరు నలుగురూ ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చారు. మాస్టారికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయని, డిసెంబరులో ఊరు మర్చిపోలేని సన్మానం చెయ్యాలనుకుంటున్నామని, ఆ రోజు ఆవిష్కరించే సన్మాన సంచిక నేనే కంపోజ్ చెయ్యాలని అన్నారు. అడ్వాన్సుగా అయిదు వేలిచ్చారు, తీసుకున్నాను. పని ముప్పాతిక వంతు అయింది కూడా. ఆ సంచిక మానెయ్యండి అని చెప్పడానికే ఇప్పుడీ ఉత్తరం.

ఇది విడిగా చెప్పాల్సిన మాట కదా, నలుగురిలో ఎందుకు పెట్టావ్ అంటారేమో. విడిగానే చెప్పాను. సిరిమానోత్సవం అయిన మర్నాడు ఫోన్ చేస్తే, "అవన్నీ తర్వాత చూద్దాం గానీ అమ్మా, ముందు పేజీలు ఎన్నొచ్చాయో చెప్పు" అన్నారు. రెండు వందల ముప్పై ఆరు వచ్చాయండి. అందుకే రాస్తున్నాను.

కవి, తెలుగు అధ్యాపకుడు, చిన్న ప్రచురణకర్త అయిన మాస్టారి పేరు ఇందులో ఎక్కడా రాయను. ఆయనకు నచ్చదు. మీకెలాగూ తెలుసు.

మీరు తెచ్చిన వ్యాసాలు ముప్పై ఒకటి. అన్నీ నేనే టైపు చేశాను కాబట్టి అన్నీ చదివింది బహుశా నేనొక్కదాన్నే. 'నిరాడంబరులు' అన్న మాట నలభై ఆరు సార్లు వచ్చింది. 'నిగర్వి' ఇరవై రెండు సార్లు. ఊరికే అనడం లేదు, కంప్యూటర్లో వెతికి లెక్కపెట్టాను. ఆయన కవితలోంచి కనీసం ఒక్క పాదం ఎత్తి రాసిన వ్యాసాలు మాత్రం నాలుగు. ఆయన ప్రచురణల్లో ఎన్ని పుస్తకాలు వచ్చాయన్న దానికి ఒకరు ఇరవై రెండన్నారు, ఒకరు సుమారు ముప్పై అన్నారు, ఒకాయన ఏకంగా 'అసంఖ్యాకం' అనేశారు. అసంఖ్యాకం కాదు. ముప్పై ఏడు. అందులో ఇరవై ఎనిమిది నా చేతి మీదుగా వెళ్లాయి, మిగతా తొమ్మిదీ మా నాన్న చేతి మీదుగానో, ఆయన తోటివాళ్ల చేతి మీదుగానో వెళ్లాయి. మూడు పుస్తకాలకు ఇప్పుడు మాస్టారింట్లో కూడా కాపీ లేదు. అందులో ఒకటి చదివి ఇస్తానని పట్టుకెళ్లిన పెద్దమనిషి మీ సంఘంలోనే ఉన్నారు. దయచేసి బీరువాలో ఒకసారి చూసుకోండి.

మా నాన్న ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్. మాస్టారి మొదటి కవితల పుస్తకం 1984లో ఆయనే పేర్చాడు. సీసం అక్షరాల కాలం అది. గుణింతాలూ ఒత్తులూ కలిపి తెలుగు కేసుల్లో, అంటే అక్షరాల పెట్టెల్లో, వందల గళ్లు ఉండేవి. చిన్న ప్రెస్సుల్లో టైపు తక్కువ. నాలుగు పేజీలో ఎనిమిది పేజీలో పేర్చేసరికి అక్షరాలు అయిపోయేవి. అవి అచ్చయ్యాక విడగొట్టి మళ్లీ ఏ అక్షరం గడిలో ఆ అక్షరం వేసుకుంటే గానీ తర్వాతి పేజీ మొదలయ్యేది కాదు. మాస్టారు అప్పుడు పాలకొండ వైపు ఒక కాలేజీలో లెక్చరర్. శనివారం సాయంత్రం బస్సు దిగి, ఆదివారమంతా ప్రెస్సులో స్టూలు మీద కూర్చుని గ్యాలీ ప్రూఫులు దిద్దుకుని, రాత్రి బస్సుకి వెళ్లిపోయేవారట. ఒక కవిత దగ్గర నాన్న ఆగిపోయాడు. "మాస్టారూ, ఇందులో 'క్ష'లు ఎక్కువున్నాయి, మా కేసులో అన్ని లేవు" అన్నాడు. మాస్టారు ఓ పావుగంట ఆలోచించి నాలుగు పాదాలు మార్చి ఇచ్చారు. ఆ కవిత బాగుపడింది నా వల్లేనని నాన్న పోయేదాకా చెప్పుకునేవాడు. నిజమే కావచ్చు. ఆ పుస్తకంలో నలుగురూ గుర్తుపెట్టుకున్న కవిత అదే, జూట్ మిల్లు సైరన్ మీద రాసింది. మీ ముప్పై ఒక్క వ్యాసాల్లో ఆ కవిత ఊసు ఒక్కచోట ఉంది, అదీ పేరు తప్పుగా.

సొంత పుస్తకం వేసుకున్న మాస్టారు మూడేళ్లకే మరొకరి పుస్తకం వేశారు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడి కవితలవి. ఆ కుర్రాడు రాతప్రతి పట్టుకుని పెద్ద ఊళ్లలో ప్రచురణకర్తల దగ్గరికి వెళితే కవిత్వం అమ్ముడుపోదు బాబూ అని మర్యాదగా పంపేశారు. వాళ్ల తప్పు కూడా లేదు, నిజంగానే అమ్ముడుపోదు. మాస్టారు జీతంలోంచి దాచుకున్న జీపీఎఫ్ మీద లోను పెట్టి వేశారు. "గురజాడ వారికి ఆనంద గజపతి మహారాజు ఉన్నారు, మనకి జీపీఎఫ్ ఉంది" అనేవారు నవ్వుతూ. అలా మొదలైంది ఆయన ప్రచురణ సంస్థ. ఆఫీసు అంటే ఇంట్లో ముందు గది. స్టాఫ్ అంటే ఆయనా, మేమంతా అమ్మగారు అనే ఆయన భార్యా.

ఎందుకండీ మీకీ తలనొప్పి అని నేనే ఒకసారి అడిగాను. శ్రీరంగం నారాయణబాబు గారి సంగతి చెప్పారు. మన విజయనగరం మనిషి, కొత్త కవిత్వంలో అంత పేరున్న మనిషి, 1961లో పోయేనాటికి ఆయన కవితల సంపుటి రాలేదు. పోయాక ఎప్పుడో వచ్చింది. "తన పుస్తకం తన చేతుల్లో పట్టుకోకుండా ఒక కవి పోవడం ఊరికి సిగ్గు కదమ్మా" అన్నారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

నేను 1998లో ఈ పనిలోకి వచ్చాను. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు. మాస్టారి ప్రచురణకు నేను చేసిన మొదటి పుస్తకం సీతంపేట వైపు అమ్మాయి రాసిన కవితలు. వాళ్లమ్మ మాట్లాడుతున్నట్టుగా రాసింది. 'ఏటి సేత్తాం', 'నానెల్నాను', 'ఒగ్గీసి పోనాడు', అంతా అలాగే ఉంది. నేను కొత్తగా పని నేర్చుకున్నదాన్ని, టైపింగ్ తప్పులనుకుని అన్నీ శుభ్రంగా 'ఏం చేస్తాం', 'నేను వెళ్లాను', 'వదిలేసి పోయాడు' అని దిద్దేశాను. ప్రూఫ్ చూసి మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్ల తన తల్లి నోట్లో మాట పట్టుకొచ్చింది. నువ్వు ఆ తల్లిని బడికి పంపీసినావేటమ్మా?" అన్నారు. కోపం వస్తే ఆయనకూ మన మాటే వస్తుంది. నూటపన్నెండు పేజీలు మళ్లీ వెనక్కి దిద్దాను. మళ్లీ టైపు చేసినందుకు ఆయన డబ్బు ఇవ్వబోతే, నా తప్పు కాబట్టి తీసుకోకూడదని నేనూ, ముందే చెప్పకపోవడం ఆయన తప్పు కాబట్టి ఇవ్వాలని ఆయనా వాదించుకున్నాం. సగానికి కుదిరింది.

ఆ రోజే నాకు గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పారు. అంతవరకు ఆగస్టు 29న దండ వేసే ఫొటోగానే ఆయన నాకు తెలుసు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, కొండ మీద సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారు చేసి, వాడుక భాష కోసం 1919లో సొంతంగా 'తెలుగు' అనే పత్రిక కూడా నడిపారని చెప్పారు. పాఠం చెప్పేవాడూ, రాసేవాడూ, అచ్చు వేసేవాడూ ఒకే మనిషి కావడం మన వైపు కొత్త కాదన్నమాట. మాస్టారు ఆ పేరు చెప్పి తనను తాను పోల్చుకోలేదు. పోల్చింది నేను. తప్పయితే నాదే.

పాఠాల సంగతి ఎక్కువ రాయను, నేను ఆయన విద్యార్థిని కాదు. బీకాం క్లాసుకి జనరల్ తెలుగు చెబుతుంటే పక్క క్లాసు వాళ్లు కిటికీల దగ్గర నిలబడేవారని ముప్పై ఒక్క వ్యాసాల్లో పందొమ్మిది చెబుతున్నాయి. అంతమంది నిలబడే కిటికీలు ఏ కాలేజీలోనూ లేవు. ఏదేమైనా బాగా చెప్పేవారనే అనుకుంటున్నాను. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు, ఒక యూనివర్సిటీలో ఆచార్యుడిగా 2010లో రిటైరయ్యారు. ఇక్కడ మాత్రం ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ సంచికలో ఇది లేదు.

ఆయన రిటైరైన ఏడాదే యూనివర్సిటీల పైన ఉండే యూజీసీ వాళ్లు అధ్యాపకుల ప్రమోషన్లకు పాయింట్ల లెక్క తెచ్చారు. పుస్తకానికి ఇన్ని పాయింట్లు, పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ నంబరు ఉంటే ఇన్ని అని. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ప్రచురణకర్తకు ఉచితంగానే ఇస్తారు. కానీ ఆ నంబర్లు చేతిలో ఉన్న చిన్న ప్రచురణకర్తకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. థీసిస్ పట్టుకుని వచ్చేవారు, ఒక్క అక్షరం మార్చకుండా పుస్తకం కావాలి, యాభై కాపీలు చాలు, డబ్బు ఎంతైనా పర్లేదు అని. వాళ్ల బైకులు మాస్టారింటి ముందు ఆగడం నేనే చూశాను. ఒకాయన ఎనభై వేలు ఇస్తానన్నాడు. మాస్టారు ఆ నాలుగు వందల పేజీలు పది రోజులు కూర్చుని చదివి, నూట నలభైకి కుదిస్తే వేస్తానన్నారు. ఆయన మళ్లీ రాలేదు. ఆ రెండు మూడేళ్లలో మాస్టారు సరేనంటే ప్రచురణ సంస్థ అప్పులన్నీ తీరిపోయేవి, నాకివ్వాల్సిన బాకీతో సహా. అప్పట్లో నాకు ఆయన మీద బోలెడంత కోపం వచ్చింది. ఇప్పుడు కూడా పూర్తిగా పోలేదు.

బాకీ అన్నాను కాబట్టి, డబ్బు సంగతి కొంచెం తెలియాలి మీకు. అయిదు వందల కాపీలు వేస్తారు. వంద రూపాయల పుస్తకం పంపిణీదారుకు ఇస్తే నలభై రూపాయలు కమిషన్. మిగతా అరవై అమ్మాక ఇస్తారు, అమ్మాక అంటే ఎప్పుడన్నది చెప్పలేం. ఆవిష్కరణ సభలో నలభై కాపీలు అమ్ముడైతే పండగ. సభకు వచ్చిన సాహితీమిత్రులకు కాంప్లిమెంటరీ కాపీలు అరవై. సమీక్షకు పత్రికకు రెండేసి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి మాస్టారు రెండు అట్టపెట్టెలు రైల్లో తనతోనే తీసుకెళ్లి, ఎవరి స్టాలులోనో ఒక మూల పెట్టించుకుని, ఒకటిన్నర పెట్టె వెనక్కి తెచ్చుకునేవారు. మిగిలినవన్నీ మంచం కింద.

పోస్టులో పంపే పని మొత్తం అమ్మగారిది. ముప్పై ఎనిమిదేళ్లుగా పార్శిలు కట్టింది ఆవిడే. పాత క్యాలెండర్ కాగితం, పురికొస, ఉడకబెట్టిన గంజి. చిరునామా గుండ్రటి చేతిరాతతో రాస్తారు. ఎవరికి ఏ పుస్తకం ఏ తేదీన వెళ్లింది, డబ్బు వచ్చిందా రాలేదా అన్నది పొడుగాటి చిట్టా పుస్తకంలో ఉంటుంది. ఇందాక ముప్పై ఏడు అని అంత ధీమాగా చెప్పానంటే ఆ చిట్టా చూసే. 2024 డిసెంబరులో పోస్టాఫీసులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఉన్నట్టుండి ఎత్తేశారు. కిటికీ దగ్గర ఆవిడకు ఆ మాట చెప్పినప్పుడు పక్కన నేను కూడా ఉన్నాను. సంచిలో తొమ్మిది పార్శిళ్లున్నాయి. స్పీడ్ పోస్టుకి వెళితే పుస్తకం ధరకీ పోస్టు ఖర్చుకీ తేడా లేదు. తొమ్మిదీ ఇంటికి తిరిగొచ్చాయి. మళ్లీ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, పన్ను అదనం. ఆ నాలుగున్నర నెలలు ఆవిడ ఆ పార్శిళ్లు విప్పలేదు. మే మొదటి వారంలో పట్టుకెళ్లి అన్నీ పంపేశారు.

మీ ఆహ్వాన పత్రం కూడా నేనే డిజైన్ చేశాను. అందులో పదిహేడు మంది పేర్లున్నాయి. అమ్మగారి పేరు లేదు. 'సతీసమేతంగా' అని ఉంది.

ఇంకో విషయం. పుస్తకం వేసిన ప్రతివాళ్లూ నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలని 1954లో చేసిన చట్టం ఉంది. కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమెరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. చిన్న ప్రచురణకర్తల్లో చాలామంది పట్టించుకోరు. మాస్టారు మాత్రం ప్రతి పుస్తకం పంపించారు, రసీదులు ఫైలులో ఉన్నాయి. అంటే పాలకొండ వైపు ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడి కవితలూ, సీతంపేట అమ్మాయి వాళ్లమ్మ మాటలూ కోల్‌కతాలో భద్రంగా ఉన్నాయి. పాలకొండలో ఎవరైనా చదవాలంటే మాత్రం మాస్టారింటికి రావాలి. మనం ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మీ సంఘంలో కలెక్టరేట్ దాకా మాట చెల్లేవాళ్లు ముగ్గురున్నారు. సభకు మంత్రిగారిని పిలవడానికి తిరిగిన తిరుగుడులో పదోవంతు ఈ పుస్తకాలు మన మండలాల లైబ్రరీల్లో పెట్టించడానికి తిరిగి ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. మాస్టారింటి ముందు గది రేకు లేచిపోయింది. మర్నాడు నేను వెళ్లేసరికి కట్టలన్నీ తడిసి ఉబ్బిపోయి ఉన్నాయి. కరెంటు లేదు, ఎన్ని రోజులకు వస్తుందో తెలీదు. అమ్మగారు బీరువాలోంచి శాలువాలు తీశారు. అప్పటికి అరవై పైచిలుకే ఉంటాయి. అన్ని సభల్లో అన్నేళ్లుగా కప్పినవి. నేల మీద పరిచి, పుస్తకాలు విప్పి వాటి మీద ఆరబెట్టాం. పేజీల మధ్య కూడా శాలువా అంచులు పెట్టాం. జరీ ఉన్నవి నీళ్లు పీల్చవు, మామూలు ఉన్నివే పనికొచ్చాయి. రెండు వందల కాపీల దాకా బతికాయి. ఇప్పటికీ ఆ ఇంట్లో పుస్తకాల కట్టల మీద చెమ్మ తగలకుండా కప్పి ఉండేవి శాలువాలే. మీరు వంద శాలువాలకు ఆర్డరిచ్చారని విన్నాను. ఇవ్వక తప్పదంటే ఉన్నివి ఇవ్వండి.

నేను మాస్టారి భక్తురాలినేం కాదు. ఆయన వేసిన ముప్పై ఏడింటిలో ఓ పదకొండు వెయ్యకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. ఎవరైనా గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆయన కాదనలేరు. థీసిస్ ఆయన్ని వెనక్కి పంపిన మనిషే, కూతురు పెళ్లిలో పంచుకుంటానని పద్యాలు తెచ్చిన ఆసామికి మొహమాటపడి సరేననేశారు. ముందుమాటలు అడిగినవాళ్లందరికీ రాసిచ్చి ఆ మాటకు విలువ లేకుండా చేసుకున్నారు. ప్రూఫులు దిద్దడంలో మాత్రం రాక్షసుడు. ఆరో ప్రూఫులో కూడా కామా మారుస్తారు. అమ్మకం విషయంలో పసిపిల్లాడు. లెక్కలు అమ్మగారి చేతిలో లేకపోతే ఆ సంస్థ రెండో పుస్తకం దగ్గరే మూతపడేది.

వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశారు. తన కవిత్వాన్ని పక్కన పెట్టేశారు. ఆయన సొంత పుస్తకాలు మూడే. 1984, 1993, 2006. తర్వాత లేదు. రాయడం మానలేదు. 2006 నుంచి రాసినవి అప్పుడప్పుడూ కాగితాల మీద నాకు తెచ్చి ఇస్తారు, నేను టైపు చేస్తాను. పుస్తకం చేద్దాం మాస్టారూ అని ప్రతి ఏడూ అడుగుతాను. "ముందు ఈ అమ్మాయిది అవనీ", "ముందు ఆ కుర్రాడిది అవనీ, వాడి ఆరోగ్యం బాగోలేదు", "కాగితం రేటు తగ్గనీ". కాగితం రేటు తగ్గడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. పోయినేడాది కంటి ఆపరేషన్ అయ్యాక ఇక ఆ మాట కూడా అనడం లేదు. నవ్వి ఊరుకుంటున్నారు. ఇందాక గుర్తుంచుకోమన్నది నారాయణబాబు గారి మాట. ఆ మాట నాతో అన్న మనిషి ఇలా ఊరుకున్నారు.

ఆ ఫైలు నా కంప్యూటర్లో ఉంది. నూట నాలుగు కవితలు. ఆయన తీసేయమన్నవి తీసేస్తే ఎనభై ఒకటి. చివరి పది ఈ రెండేళ్లలో రాసినవి, కంటి కట్టు ఉన్న రోజుల్లో చెబుతుంటే అమ్మగారు రాసుకున్నవి. నేను విమర్శకురాలిని కాదు కాబట్టి ఎంత గొప్పవో చెప్పలేను. టైపు చేస్తూ రెండుచోట్ల లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను, అంతే చెప్పగలను. చెన్నై వెళ్లే రైలు జనరల్ బోగీలో తట్టా బుట్టా పెట్టుకుని కూర్చున్న మన పల్లెల కూలీల మీద ఒకటుంది. సభలో మీరు చదివే సన్మాన పత్రం బదులు దాన్ని చదవొచ్చు.

ఇప్పుడు నేను అడిగేది. మీ అంచనాలో సన్మాన సంచికకు, రెండు వందల నలభై పేజీలు, వెయ్యి కాపీలు, మధ్యలో పదహారు పేజీలు రంగుల ఫొటోలు కలిపి, లక్షా ఇరవై వేలు రాసుకున్నారు. ఆ డబ్బుతో ముందు ఈ కవితల పుస్తకం వేయండి. డెమ్మీ సైజులో తొమ్మిది ఫారాలు వస్తుంది, నూట నలభై నాలుగు పేజీలు. డెబ్బై జీఎస్ఎం కాగితం, అయిదు వందల కాపీలు, కవర్ లామినేషన్‌తో కలిపి నేను కనుక్కున్న రేటు యాభై వేలు దాటదు. డీటీపీ ఛార్జీ నాకొద్దు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి నేను చేసిన ఇరవై ఎనిమిది పుస్తకాల ఫైళ్లూ యూనికోడ్‌లోకి మార్పించండి. పాత అను ఫాంట్ల ఫైళ్లివి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, నెట్‌లో వెతికితే ఒక్క పదం దొరకదు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, మళ్లీ మనిషి కూర్చుని చదివి దిద్దాలి. ఫైళ్లు లేని తొమ్మిదింటికీ స్కానింగ్ ఒకటే దారి. నా దగ్గరున్న పాత హార్డ్ డిస్కుల్లో ఒకటి ఇప్పటికే చప్పుడు చేస్తోంది.

కథకులు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, తనకొచ్చిన అవార్డు డబ్బు కూడా పెట్టి 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం కట్టారు. ఎక్కడెక్కడి కథలో అక్కడ దొరుకుతున్నాయి. మన వైపు కవిత్వానికి అలాంటి ఇల్లు కట్టమని నేను అడగడం లేదు. ఇప్పుడది మాస్టారి మంచం కింద ఉంది, అక్కడి నుంచి ఒక బీరువాలోకి తెచ్చినా చాలు. ఏదో ఒక కాలేజీలో గోడకి ఆనించిన గాజు బీరువా, ముప్పై ఏడు పుస్తకాల జాబితా, తాళం తీసే మనిషి.

గురజాడ వారి 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది, పన్నెండేళ్ల తర్వాత 1909లో రెండో కూర్పు వచ్చింది. ఈ మధ్యలో ఆయన ఆ నాటకాన్ని ఎంత తిరగరాసుకున్నారో, మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండోదేనని మాస్టారు చాలాసార్లు చెప్పారు. "రెండో ముద్రణ వస్తేనే గదమ్మా రాసినవాడికి దిద్దుకునే వీలు" అనేవారు. ఆయన వేసిన పుస్తకాల్లో రెండో ముద్రణకు నోచుకున్నది ఒక్కటీ లేదు. సీతంపేట అమ్మాయి ఇప్పుడు టీచరు. మొన్న షాపుకి వచ్చి, ఆ పుస్తకం మళ్లీ వేస్తే తనకు మార్చాలనున్న చోట్లు చెప్పింది. డబ్బు మిగిలితే అది కూడా చూడండి.

వ్యాసాలు రాసిన ముప్పై ఒక్కమందికి కష్టం కలుగుతుందని తెలుసు. వాళ్ల వ్యాసాలు పారేయను, ఫైలు మీకే ఇచ్చేస్తాను. కవితల పుస్తకం చివర వాళ్ల పేర్లు అభినందన జాబితాగా వేయొచ్చు. ఆ నాలుగు వ్యాసాలు మాత్రం, కవిత చదివి రాసినవి, పుస్తకం వెనక అనుబంధంగా పెడితే బాగుంటుంది.

ఒక చిక్కుంది. ఇదంతా మాస్టారికి తెలీదు. నేను అడిగితే మళ్లీ "ముందు వాడిది అవనీ" అంటారు. మీరు అడిగితే కాదనలేరు, గుమ్మంలోకి వచ్చినవాళ్లను కాదనలేని మనిషని చెప్పాను కదా. నలుగురూ కలిసి వెళ్లండి. అమ్మగారు ఉన్నప్పుడు వెళ్లండి. ఆవిడకు ఆ ఎనభై ఒక్క కవితలూ తెలుసు, ఏది ముందుండాలో ఏది చివరుండాలో నాతో ఎప్పుడో చెప్పారు.

ఒప్పుకోకపోతే మీ అయిదు వేలు ఒక కవరులో పెట్టి ఉంచాను, ఎవరినైనా పంపండి. ఒప్పుకుంటే త్వరగా చెప్పండి, డిసెంబరు సభకు అందాలంటే నవంబరు మూడో వారంలోగా ప్లేట్లకు వెళ్లాలి. రెండో ప్రూఫ్ అయింది. ఆయన చూసుకోవాల్సిన ప్రూఫు పద్దెనిమిది పాయింట్లలో తీసి పెట్టాను, కంటికి ఇబ్బంది లేకుండా. ఆదివారం షాపు ఉండదు. మిగతా రోజుల్లో పదింటి నుంచి ఉంటాను.

ఇట్లు,
గంటస్తంభం దగ్గర డీటీపీ షాపు మనిషి
విజయనగరం